ఇంట్లోనే వెండి నగల పని మొదలుపెడుతున్నా, గది ఎలా పెట్టుకోవాలి, ధర ఎలా కట్టాలి?

గోదారిగట్టు · రాజమండ్రి

అందరికీ నమస్తే అండీ. ఇన్నాళ్లూ టెర్రకోట నగలు చేసి తెలిసినవాళ్లకి అమ్మేదాన్ని, ఈమధ్య హైదరాబాద్‌లో వెండి పని కోర్సు ఒకటి చేసొచ్చా, రంపం పట్టడం, టంకం పెట్టడం, రాయి కూర్చోబెట్టడం వరకు చేయి తిరిగింది. మా ఇంట్లో వెనక గది ఖాళీగా ఉంది, చిన్నదే, ఒక కిటికీ పెరటి వైపు ఉంటుంది. షాపు అద్దెకి తీసుకునే స్తోమత లేదు, ఒకవేళ తీసుకున్నా పిల్లలు మూడింటికల్లా స్కూల్ నుంచి వచ్చేస్తారు, అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, కాబట్టి ఏం చేసినా ఇంట్లోనే చేయాలి.

గ్యాస్ టార్చ్ ఇంట్లో వాడితే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి, యాసిడ్ లేకుండా నల్లదనం పోగొట్టే దారి ఉందా, బల్ల ఎలా ఉండాలి, ఇవన్నీ ఒకెత్తు. నాకు అసలు భయం ధర. మా వీధి చివర షాపులో పట్టీలకి గ్రాముకి ఇంత మజూరీ అని కట్టేస్తారు, నేనేమో ఒక ఉంగరానికి పూటంతా కూర్చుంటా, అదే లెక్కలో నేను ఎలా అమ్మను? చుట్టాలైతే అప్పుడే "ఇంట్లో చేసేదేగా, వెండి రేటుకి ఇచ్చేయ్" అంటున్నారు. నిజంగా ఇంట్లో పని పెట్టుకుని నడుపుతున్నవాళ్లు చెప్తే వింటా.

కుంపటి_మనవడు · తెనాలి

అక్కా, నేల మీద కూర్చుంటారా కుర్చీలోనా, ముందు అది తేల్చుకోండి, గదంతా దాన్నిబట్టే మారుద్ది. మా ఇంట్లో మూడు తరాలుగా వసారాలోనే పని. తాతయ్య నేల మీద బాసిపట్లు వేసుక్కూర్చుని ముందు కుంపటి, కుడి పక్క దాగలి (సుత్తితో కొట్టే ఇనుప దిమ్మ), ఎడమ పక్క నీళ్ల మూకుడు పెట్టుకునేవాడు, శ్రావణం (పట్టుకునే పటకారు) ఎక్కడుందో చూడకుండానే చెయ్యి దాని మీదకి పోయేది. ఊదుగొట్టం నోట్లో పెట్టుకుంటే బుగ్గల్లో గాలి నిలబెట్టి ముక్కుతో పీలుస్తా, మంట తెగకుండా ఊదేవాడు. నాకు ఆ నేర్పు రాలేదు, నేను టార్చ్‌తో బల్ల మీద చేస్తా.

బల్ల మామూలు టేబుల్ ఎత్తుంటే సరిపోదు. మీరు కూర్చుంటే పని మీ ఛాతీ ఎత్తులో ఉండాలి, అప్పుడే మెడ వంగదు. బల్ల అంచుకి ముందుకు పొడుచుకొచ్చేలా చెక్క పిన్ను బిగించుకోండి, రంపం పని ఆకురాయి పని అంతా దాని మీదే. దాని కింద ఒడిలోకి తోలు గుడ్డ కట్టుకుంటే రజను, అంటే రాలే వెండి పొడి, అందులో పడుద్ది. ఆ రజను మీ డబ్బు. వెండి రజనుతో ఇత్తడి రజను కలవనీయొద్దు, ఇనుము కలిస్తే అయస్కాంతం తిప్పి తీసేయొచ్చు గానీ ఇత్తడి అలా రాదు, కాబట్టి ఇత్తడికి ఆకురాళ్లు వేరే పెట్టుకోండి. గది గుమ్మంలో ఒక పట్టా వేసి ఉంచండి, అరికాళ్లకి అంటుకున్న ముక్కలు అక్కడే రాలతాయి, పిల్లల కాళ్లకీ గుచ్చుకోవు. మా తాతయ్య చేతులు కడిగిన నీళ్లు కూడా పారబోయనిచ్చేవాడు కాదు, కుండలో పోయించి అడుగున చేరిన మడ్డి ఎండబెట్టి దాచేవాడు. బంగారం పని చేసే వీధుల్లో మట్టి ఊడ్చుకెళ్లి కడుక్కుని బతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారంటే ఊరికే కాదు కదా.

విశాఖ_సేఫ్టీ · గాజువాక

నేను ఫ్యాక్టరీల్లో భద్రత పని చూస్తా, మా ఆవిడ ఇంట్లో రాగి నగలు చేస్తుంది కాబట్టి రెండు వైపులా తెలుసు.

ఎల్‌పీజీ గాలి కన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది, మంచం కిందా గుంటల్లోనూ నిలబడుతుంది. కాబట్టి కిటికీ ఒక్కటే ఉంటే సరిపోదు, తలుపు కింద సందు కూడా ఉండాలి, గాలి కిందనుంచి బయటికి పోయే దారి కావాలి. సిలిండర్ నిలబెట్టే ఉంచాలి, పడుకోబెట్టకూడదు. వంటింటి 14.2 కిలోల సిలిండర్‌ని వ్యాపారం పనికి వాడకూడదు, అది నిబంధనలకి విరుద్ధం, దుకాణాల్లో దొరికే 5 కిలోల చిన్న సిలిండర్ తెచ్చుకోండి. టార్చ్ గొట్టానికి మంట వెనక్కి రాకుండా ఆపే వాల్వ్ బిగించండి. పని అయ్యాక ముందు సిలిండర్ దగ్గర కట్టేసి, గొట్టంలో మిగిలినది మండిపోయాక టార్చ్ నాబ్ కట్టాలి, ఈ వరస అలవాటు చేసుకోండి. టంకం పెట్టే చోట చెక్క మీద నేరుగా వద్దు, కింద సిరామిక్ టైల్, పైన ఫైర్ బ్రిక్. పక్కనే బకెట్ ఇసుక, ఒక ఏబీసీ పౌడర్ ఆర్పేది. నైలాన్ నైటీలు, పాలిస్టర్ చున్నీలు వేసుకుని మంట ముందు కూర్చోవద్దు దయచేసి, కాటన్ మాత్రమే.

ఇంకా ముఖ్యమైనది, టంకం కొనేటప్పుడు కాడ్మియం లేనిదేనా అని అడిగి, రాసిచ్చిన ప్యాకెట్టే తీసుకోండి. చవగ్గా, నీళ్లలా పారే టంకం అని చెప్పి అమ్ముతారు, అందులో కాడ్మియం ఉండొచ్చు. కాడ్మియం 767 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది, టంకం పెట్టే వేడికి అది చాలా దగ్గర. ఆ పొగ ఊపిరితిత్తుల్నీ కిడ్నీల్నీ తినేస్తుంది, వాసనతో పట్టుకోలేం, అదే దాని ప్రమాదం. మూతికి గుడ్డ కట్టుకుంటే ఆగదు.

కుంపటి_మనవడు · తెనాలి

సేఫ్టీ గారు చెప్పినదానికి వంద దణ్ణాలు. కేడీఎం కేడీఎం అని ఒకప్పుడు జనం అడిగి మరీ కొనుక్కునేవాళ్లు చూడండి, అది ఈ కాడ్మియం టంకమే. అతుకు దగ్గర కూడా బంగారం మచ్చు (స్వచ్ఛత) తగ్గదని షాపులవాళ్లకి నచ్చింది, కొనేవాడికీ నచ్చింది, ఊదినవాడి ఊపిరి గురించి మాత్రం ఎవరూ అడగలా. ఇప్పుడు బీఐఎస్ (హాల్‌మార్క్ చూసే ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) వాళ్లు దాన్ని ఒప్పుకోరు. మా పెదనాన్న జీవితమంతా అది ఊదాడు, చివరి ఏళ్లలో పది మెట్లు ఎక్కలేకపోయేవాడు. అక్కా, మీరు పొయ్యి పక్కన ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించకుండా పని మొదలుపెట్టొద్దు. ఫ్యాన్ తల పైన వద్దు, మంటకి అవతల పక్క పెట్టించండి, పొగ మీ ముఖం దాటకుండానే బయటికి పోవాలి.

తీగపని · కరీంనగర్

మంచి ముచ్చట పెట్టిన్రు. మాది కరీంనగర్, ఇంట్ల వెండి తీగ పని మా తాతల కాలం నుంచి నడుస్తుంది, అదే జీఐ (ఊరి పేరు మీద ఇచ్చే భౌగోళిక) గుర్తింపు వచ్చిన ఫిలిగ్రీ. అక్కా, యాసిడ్ లేకుంట దారి ఉంది, భయపడకు. నిమ్మ ఉప్పు తెచ్చుకో, కిరాణం దుకాణంల దొరుకుతది, గోరువెచ్చ కన్న కొంచెం వేడి నీళ్లల్ల కలిపి టంకం పెట్టిన వస్తువు అండ్ల వెయ్యి, టంకానికి వాడే ఎలిగారం (బోరాక్స్) గాజు లెక్క అంటుకున్నది మొత్తం కరుగుతది, నలుపు పోతది. ఒక్కటే షరతు, ఇనుప పటకారు అండ్ల ముంచొద్దు. ఇనుము తాకిందంటే నీళ్లల్ల ఉన్న రాగి అంత వచ్చి వెండి మీద ఎర్రగ పడుతది. రాగి పటకారో, కట్టెదో, ప్లాస్టిక్‌దో వాడాలె. ఆ గిన్నె మల్ల వంటింట్లకు పోవద్దు.

తీగపనిల మాకు అన్నిటికన్న కష్టం అతుకే. లావు తీగతోని చట్రం కట్టి, రెండు సన్నతీగలు పురి పెట్టి చదును చేసి, మెలికలు తిప్పి చట్రం లోపల నింపుతం, అవి కదలకుంట పట్టాలె కదా. మా నాయిన గురివింద గింజను రాయి మీద నీళ్లతోని అరగదీసి ఆ గంధం పెట్టి అతికిచ్చేటోడు. మంట తాకంగనే అది కాలిపోతది, అప్పటిదాంక తీగ జరగదు. ఆ మీద టంకం పొడి, ఎలిగారం కలిపి చల్లి కాపుతం. కానీ పిల్లలున్న ఇల్లు అన్నవు కదా, గురివింద లోపలి పప్పు విషం, పగిలిన గింజ నోట్ల వెట్టుకుంటే పానం మీదికొస్తది. నువ్వు ఆ పని చేస్తే గింజలు తాళం పెట్టి దాచు, లేదంటే బజార్ల దొరికే బంకలే వాడు.

గోదారిగట్టు · రాజమండ్రి

ఇంత త్వరగా ఇన్ని సంగతులు చెప్తారనుకోలేదు, చాలా థాంక్సండీ. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి ఎలక్ట్రీషియన్‌ని పిలిచా. తీగపని అన్నా, టంకం పెడుతుంటే నాకు వస్తువు మీద ఊదారంగు మచ్చ మిగిలిపోతోంది, నిమ్మ ఉప్పులో వేసినా పోవట్లేదు, రుద్దితే పోయినట్టుండి మెరుగు పెట్టాక మళ్లీ కనపడుతోంది. ఇది ఎందుకు?

తీగపని · కరీంనగర్

అది 925 వెండి గుణం. అండ్ల 7.5 శాతం రాగి ఉంటది, గాలిల కాపితే రాగి పైపొర లోపల ఆక్సైడ్ అయితది, అది మీద మచ్చ కాదు, లోపల పొర. కాపేముందు వస్తువు మొత్తానికి ఎలిగారం, బోరిక్ పౌడర్ కలిపిన పూత పెట్టు, టంకం పెట్టే జాగకే కాదు. మంట పెద్దగ, మెత్తగ పెట్టి తొందరగ పని ముగించు, సన్న మంటతోని శానాసేపు కాపితేనే ఇది వస్తది. మేము తీగపనికి దాదాపు స్వచ్ఛమైన వెండే వాడుతం, మెత్తగ వంగుతది, ఈ మచ్చ బాధ తక్కువ.

లూయిస్‌విల్_తెలుగమ్మాయి · టెక్సాస్

డాలస్ పక్కన ఉంటాం, గరాజ్‌లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నా, వీకెండ్ ఆర్ట్ మార్కెట్లలో అమ్ముతా. ఇక్కడ మొదట అపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు లీజులో మంట పని చేయకూడదని రాసి ఉంది, అందుకే సొంతిల్లు వచ్చేదాకా టంకం లేని పనే చేశా, తీగ చుట్టడం, రివెట్లు కొట్టడం, సుత్తితో నొక్కుల డిజైన్ కొట్టడం. సిస్టర్, మీకు పొయ్యి రెడీ అయ్యేదాకా ఈ పనులు మొదలుపెట్టొచ్చు, రివెట్‌తో కలిపిన నగలు చాలా బాగుంటాయి, చేతి పని కళ్లకి కనపడుతుంది.

కనబడని ఖర్చు ఒకటి చెప్తా. కళ్లు. దీపం తల వెనక కాకుండా ముందు ఎడమ పక్కనుంచి రావాలి (కుడిచేతివాళ్లకి), భూతద్దం కళ్లజోడు పెట్టుకుని పనిచేయాలి, అరగంటకోసారి తల ఎత్తి కిటికీ బయటికి దూరంగా చూడాలి. ఇంకా పాలిషింగ్ మోటార్ కొంటే జడ, చున్నీ, గాజులు, కొంగు ఏదీ దాని దగ్గరికి రానివ్వొద్దు. గొలుసుని చేత్తో పట్టుకుని చక్రానికి ఆనించొద్దు, అది చుట్టుకుంటే వేలితో సహా లాగేస్తుంది. గొలుసులకి ఉక్కు గుళ్లు, సబ్బునీళ్లు వేసి తిప్పే డబ్బా వస్తుంది, టంబ్లర్ అంటారు, అదే మంచిది.

చిన్న సంగతి, ఇక్కడ వెండి ట్రాయ్ ఔన్సుల్లో అమ్ముతారు, అది 31.1 గ్రాములు, కూరగాయల ఔన్సులా 28.35 కాదు. విదేశీ వెబ్‌సైట్ రేటు చూసి లెక్క కట్టేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి.

పట్టుదారం_అక్క · ఖమ్మం

అమ్మా గోదారిగట్టూ, వెండి నాకు తెలియదు గానీ ధర గురించి నేను మాట్లాడతా, ఎందుకంటే పట్టుదారం గాజులు చేసేవాళ్లని ఈ ధరే తినేసింది. మొదట్లో ఈ గాజులు కొత్త, చీర రంగు పంపిస్తే అదే రంగు దారం చుట్టి కుందన్లు అతికి ఇస్తే జనం ఆనందంగా ఇచ్చేవాళ్లు. తర్వాత వీడియోలు చూసి వీధికి నలుగురు మొదలుపెట్టారు, ప్రతి ఒక్కరూ "ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు చేస్తున్నా కదా" అని కూలి కట్టుకోలేదు. దారం, బంక, కుందన్ల ఖర్చు మీద యాభై రూపాయలు వేసి ఇచ్చేశారు. బేగంబజార్ నుంచి రెడీమేడ్ డజన్లు దిగాక ఆ యాభై కూడా పోయింది. చేసినవాళ్లంతా మంచి పనివాళ్లే, ఒక్కరూ నిలబడలేదు.

నేనెలా నిలబడ్డానంటే, పని మొదలుపెట్టినప్పుడు గడియారం చూసి కాగితం మీద రాస్తా, మధ్యలో కుక్కర్ విజిల్‌కి లేస్తే అది తీసేస్తా. గంటకి ఇంత అని ఖాయం చేసుకున్నా. నీ ఉంగరం సంగతే చూడు, గంటకి 200 అనుకుంటే 4 గంటలకి 800 చేతి కూలి. దాని మీద వెండి ఆ రోజు రేటు, రాయి, టంకం, బ్లేడ్లు, గ్యాస్, కరెంటు, డబ్బా, ఇవన్నీ వేసి, ఆ మొత్తం మీద 15, 20 శాతం పనిముట్ల కోసం పక్కన పెట్టు. పాలిషింగ్ మోటార్ పాడైతే ఎవరు కొనిపెడతారు? ఖాళీ టైం అనేది ఆడవాళ్లకి ఉండదమ్మా, ఆ గంటలో నువ్వు పడుకోవాల్సింది, లేదా పిల్లల దగ్గర కూర్చోవాల్సింది, దాన్ని తెచ్చి ఉంగరంలో పెట్టావు.

చుట్టాలకి డిస్కౌంట్ ఇవ్వాలనిపిస్తే బిల్లు మీద పూర్తి ధర రాసి, కింద తగ్గింపు వేరే రాయి. అసలు విలువ వాళ్లకి కనపడాలి.

గోదారిగట్టు · రాజమండ్రి

అక్కా, ఇది మా ఆయనకి చదివి వినిపించా, ఆయన ఏమీ అనకుండా గోడ గడియారం తెచ్చి వెనక గదిలో మేకు కొట్టి తగిలించారు.

చిలకలపూడి_మనవరాలు · మచిలీపట్నం

నాది కొంచెం వేరే మాట, ఎవరూ నొచ్చుకోవద్దు. మా ఇంట్లో రోల్డ్ గోల్డ్ పని, చిలకలపూడి నగలు అంటే తెలియని వాళ్లుండరు. అమ్మ, పిన్ని అందరూ ఇంట్లోనే రాళ్లు అతికేవాళ్లు, గొలుసు కడియాలు (చిన్న రింగులు) కలిపేవాళ్లు, అంతా పీసు రేటు. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో చాలామంది రాజ్‌కోట్ నుంచి పోత పోసిన పెండెంట్లు, జైపూర్ నుంచి రాళ్లు తెప్పించి, నాలుగు కడియాలు కలిపి "నా స్టూడియోలో చేత్తో చేశా" అని పెడుతున్నారు, రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. కలపడం కూడా పనే, మా అమ్మ బతికింది దాని మీదే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ కలిపింది కలిపినట్టు చెప్పాలి కదా. పెండెంట్ పోత పోసిన కార్మికుడు, మా పిన్నిలాంటి వాళ్లు ఎక్కడా కనపడకుండా పోతున్నారు. జర్మన్ సిల్వర్ అయితే ఇంకా ఘోరం, అందులో వెండి చుక్క కూడా ఉండదు, రాగి, నికెల్, జింకు, అయినా సిల్వర్ అని ఫొటో కింద రాసేస్తారు, నికెల్ పడని పిల్లలకి చెవులు పుండ్లు పడుతున్నాయి.

కుంపటి_మనవడు · తెనాలి

ఈ మాటకి నేను చెయ్యెత్తుతా. చిలకలపూడి చెల్లెమ్మ చెప్పింది అక్షరాలా నిజం. మా వాళ్ల బాధ ఇంకాస్త పాతది. 1963 జనవరిలో గోల్డ్ కంట్రోల్ రూల్స్ వచ్చి 14 క్యారెట్లు మించి కొత్త నగ చేయకూడదన్నారు, మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు. 14 క్యారెట్ తాళిబొట్టు ఎవరు చేయించుకుంటారు మన దగ్గర? రాత్రికి రాత్రి పని ఆగిపోయింది. మా తాతయ్య పనిముట్లు అటక మీద పెట్టేసి మిల్లులో కూలికి పోయాడు, తర్వాత మళ్లీ దించాడు గానీ, వెళ్లిపోయిన చాలామంది తిరిగి రాలా. ఆ చట్టం 1990లో తీసేశారు. తీసేసేటప్పటికి ఊళ్లో కుంపట్లు సగం చల్లారాయి, మిగతా సగం పెద్ద షోరూములొచ్చాక చల్లారాయి. ఇప్పుడు మీలాంటి వాళ్లు కులంతో సంబంధం లేకుండా ఇష్టపడి ఈ పని నేర్చుకుని ఇంట్లో కుంపటి వెలిగిస్తుంటే నాకు చాలా సంతోషంగా ఉంది, మనస్ఫూర్తిగా చెప్తున్నా. అడిగేది ఒకటే. పని పేరు పని పేరుగా చెప్పండి. పోత అయితే పోత, చేతి తీగ అయితే చేతి తీగ. అప్పుడు చేత్తో చేసినదానికి రేటు దానంతటదే నిలబడుద్ది.

లూయిస్‌విల్_తెలుగమ్మాయి · టెక్సాస్

కొంచెం విభేదిస్తా అన్నయ్యా. పోత కూడా కొన్నిసార్లు మన పనే. నేను మైనం చెక్కి, దాన్ని పోతకి బయట ఇస్తా, వచ్చాక ఆకురాయి పట్టి రాళ్లు నేనే పొదుగుతా. డిజైన్ నాది, మైనం నాది. దాన్ని కొన్న పెండెంట్‌తో కలిపి ఒకే గాటన కట్టొద్దు.

కుంపటి_మనవడు · తెనాలి

అది ఒప్పుకుంటానమ్మా. మైనం చెక్కినవాళ్లది చేతి పనే. "మైనం నాది, పోత బయట" అని రాస్తే చాలు, కొనేవాడికి అర్థమవుద్ది.

లెక్కల_మాస్టారు · కర్నూలు

ఆడిట్ ఆఫీసులో పనిచేస్తా, మా పక్కింటావిడ పని చూసి నేర్చుకున్న సంగతులు కొన్ని.

ఒకటి, హాల్‌మార్క్. బంగారానికి 2021 జూన్ నుంచి తప్పనిసరి చేస్తూ వచ్చారు, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకి వేసే ప్రత్యేక గుర్తింపు కోడ్) లేకుండా అమ్మకూడదు. వెండికి మాత్రం స్వచ్ఛందమే, 2025 సెప్టెంబర్ 1 నుంచి వెండికీ హెచ్‌యూఐడీ తెచ్చారు, వేయించుకుంటే వేయించుకోవచ్చు. ఇంట్లో మీరే 925 అని పంచ్ కొట్టినంత మాత్రాన అది హాల్‌మార్క్ అవ్వదు, కస్టమర్‌కి అలా చెప్పొద్దు. బిల్లులో "925 వెండి, బరువు ఇంత, రాయి బరువు ఇంత" అని వేరేగా రాయండి.

జీఎస్టీ వెండి నగలకి 3 శాతం. సరుకు అమ్మేవాళ్లకి రిజిస్ట్రేషన్ హద్దు ఆంధ్రాలో ఏడాదికి 40 లక్షల టర్నోవర్, తెలంగాణలో 20 లక్షలే, కాబట్టి ఖమ్మం, కరీంనగర్ వాళ్లూ రాజమండ్రి వాళ్లూ ఒకే లెక్క అనుకోవద్దు. 2023 అక్టోబర్ నుంచి చిన్నవాళ్లు రిజిస్ట్రేషన్ లేకపోయినా సొంత రాష్ట్రం లోపల ఆన్‌లైన్ ప్లాట్‌ఫారాల్లో అమ్ముకోవచ్చు, రాష్ట్రం దాటితే మీ ఆడిటర్‌ని ముందే అడగండి. ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ ఉచితం, డబ్బులడిగే సైట్ల జోలికి పోవద్దు.

పీఎం విశ్వకర్మ అని 2023 సెప్టెంబర్ 17న మొదలైన పథకంలో 18 వృత్తులున్నాయి, స్వర్ణకారం అందులో ఒకటి. పనిముట్లకి 15,000, శిక్షణ రోజులకి రోజుకి 500, తర్వాత 5 శాతం వడ్డీకి ముందు లక్ష, ఆపైన రెండు లక్షలు. ఇంటికి ఒక్కరికే ఇస్తారు.

పట్టుదారం_అక్క · ఖమ్మం

మాస్టారూ, వెండి రేటు రోజుకో రకంగా ఉంటోంది కదా, ఆర్డర్ తీసుకున్న రోజు ఒక రేటు, ఇచ్చే రోజు ఇంకో రేటు, తేడా ఎవరు పెట్టుకోవాలి?

లెక్కల_మాస్టారు · కర్నూలు

కిలో లక్ష దాటినప్పటినుంచి ఇదే గొడవమ్మా. ఆర్డర్ రోజే వెండి డబ్బు మొత్తం అడ్వాన్స్ తీసుకుని ఆ రోజే వెండి కొనేయడం ఒక దారి, అప్పుడు రేటు ఎటు పోయినా ఇద్దరికీ బాధ లేదు. కూలి మాత్రం డెలివరీ రోజు తీసుకోవచ్చు. ఆర్డర్ చీటీ మీద ఆ రోజు గ్రాము రేటు రాసి సంతకం పెట్టించుకోండి, చుట్టాలైనా సరే.

తీగపని · కరీంనగర్

అక్కా ఇంకో ముచ్చట, గిరాకీ పాత వెండి తెస్తరు, పాత పట్టీలు కరగబెట్టి కొత్తది చెయ్యమంటరు. తీసుకుంటే వాళ్ల ముంగటనే తూకం వెయ్యి, ఫోటో తియ్యి, చీటీ రాయి. పాత పట్టీలల్ల గజ్జెలకు శానా టంకం ఉంటది, మురికి ఉంటది, కరిగినంక బరువు తగ్గుతది. తగ్గినంక చెప్తే దొంగతనం చేసిన్రు అంటరు, ముందుగల చెప్తే లెక్క అంటరు. ఇంట్ల పని చేసేటోళ్లకు నమ్మకమే దుకాణం బోర్డు. కరిగిచ్చే మూస కూడ వెండికి వేరే, రాగికి వేరే పెట్టుకో. సొక్కం వెండి నుంచి 925 చేసుకోవాల్నంటే 100 గ్రాములకు 8.1 గ్రాముల రాగి పడుతది, రాగి కరెంటు తీగది అయితే మంచిది, రంగు, పూత లేకుంట గీకి వెయ్యి.

కుంపటి_మనవడు · తెనాలి

దీనికి ఇంకోటి కలుపుతా. మొదటి ఏడాది రిపేర్లు తీసుకోండి అక్కా. మెట్టెలు విరుగుతాయి, పట్టీల కొక్కెం పోద్ది, మొలతాడు తెగుద్ది, ఉగ్గుగిన్నె సొట్ట పడుద్ది, షోరూములవాళ్లు ఈ చిన్న పనులు తీసుకోరు. నడుం కింద బంగారం పెట్టుకోని ఇళ్లే ఎక్కువ మన దగ్గర, కాబట్టి వెండి మెట్టెలు, పట్టీలకి ఎప్పుడూ పని ఉంటుంది. రిపేర్‌కి వచ్చినావిడ బల్ల మీద మీ ఉంగరాలు చూస్తది, మీరు అమ్మకపోయినా అడుగుతది. ఏడాది లెక్క కూడా చూసుకోండి. శ్రావణమాసం, పెళ్లి ముహూర్తాలు ఉన్న నెలల్లో తల ఎత్తలేరు, ఆషాఢంలో, మూఢంలో ఒక్కరూ రారు. ఆ ఖాళీ నెలల్లోనే సరుకు చేసి పెట్టుకోవాలి, డబ్బు కూడా ఆ నెలలకి దాచుకోవాలి.

చిలకలపూడి_మనవరాలు · మచిలీపట్నం

పంపడం గురించి ఎవరూ చెప్పలేదు. చాలా కొరియర్ల నిబంధనల్లో విలువైన లోహాలు తీసుకోమని రాసే ఉంటుంది, లోపల ఏముందో చెప్పకుండా పంపితే పోయినప్పుడు ఒక్క రూపాయి రాదు. పోస్టాఫీసులో విలువ రాసి ఇన్సూర్ చేసి పంపండి. ఇంకా వెండి నల్లబడిందని కస్టమర్లు కంగారుగా ఫోన్ చేస్తారు, అది గాలిలో ఉండే గంధకం వల్ల, నకిలీ వెండి కాదు. జిప్ కవర్‌లో పెట్టుకోమని, స్నానానికీ వంటకీ ముందు తీసేయమని ఒక చీటీ తెలుగులో రాసి డబ్బాలో పెడితే సగం ఫోన్లు తగ్గుతాయి. కుంకుడు రసంలో మెత్తని బ్రష్‌తో తోమితే చాలు, ముత్యాలున్న వాటిని మాత్రం చింతపండులో నానబెట్టొద్దని రాయండి, పులుపుకి ముత్యం పైపొర తినేస్తుంది.

గోదారిగట్టు · రాజమండ్రి

అందరికీ పేరుపేరునా దణ్ణాలు. ఇప్పటికి తేల్చుకున్నవి చెప్తా. గ్యాస్ పొయ్యి మూల కిటికీ పక్కకి మార్చాం, ఫ్యాన్ మంటకి అవతల బిగించారు, తలుపు కింద రెండంగుళాలు కోయించాం. చిన్న సిలిండర్‌కి డబ్బు కట్టాం. బల్ల వడ్రంగి దగ్గర చేయిస్తున్నా, నేను కూర్చుని కొలత ఇచ్చొచ్చా. రిపేర్లతో మొదలుపెడతా, శ్రావణానికల్లా పది పన్నెండు ఉంగరాలు, కొన్ని జుంకాలు సిద్ధం చేయాలని. ప్రతిదానికీ చీటీ మీద ఎన్ని గంటలు పట్టిందో, ఏది నేను చేశానో ఏది బయట చేయించానో రాసే పెడతా. "వెండి రేటుకి ఇచ్చేయ్" అన్న చిన్నత్తగారికి నిన్న అక్క చెప్పిన పద్ధతిలో బిల్లు చూపించా, ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి పూర్తి ధర ఇచ్చి తీసుకెళ్లారు!

ఒక్కటి మిగిలింది. తీగ నేనే లాగుకుందామని పాత కమ్మచ్చు (తీగని సన్నం చేసే బెజ్జాల ఉక్కు పలక) ఒకటి చూశా, రిటైరైన పెద్దాయన అమ్ముతానంటున్నారు. కొనేముందు ఏం చూడాలి?

కుంపటి_మనవడు · తెనాలి

తప్పకుండా కొనండి, పాత ఉక్కు మంచిది. ఒక్కో బెజ్జం వెనకవైపు పెద్దదిగా ముందువైపు చిన్నదిగా ఉండాలి, దీపానికి పట్టి చూస్తే గుండ్రం చెదిరిందో లేదో తెలుస్తుంది. తుప్పు పైపైన ఉంటే నూనె రాసి పోగొట్టొచ్చు, బెజ్జం అంచు విరిగితే మాత్రం ఆ బెజ్జం వదిలేయండి, తీగ మీద గీత పడుద్ది. తీగ కొస ఆకురాయితో సన్నం చేసి, మైనం రాసి, ఒక్క ఊపున లాగండి, మధ్యలో ఆగొద్దు. రెండు మూడు బెజ్జాలు దాటగానే తీగ గట్టిపడుద్ది, చుట్ట చుట్టి మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో వేసి మళ్లీ లాగండి. కమ్మచ్చుని బల్లకి కాదు, గోడకి బిగించిన వైస్‌లో పెట్టుకోండి, మీరు లాగే బలానికి కొత్త బల్ల కదిలిపోద్ది.

తీగపని · కరీంనగర్

ఆ పెద్దాయన దగ్గర కమ్మచ్చుతోని పాటు శ్రావణాలు, చిన్న దాగలి ఉంటే అవి కూడ అడుగు అక్కా. ఒక పూట కూసొని ఆయన చేతిపని చూసి రా.